డ్రిల్లు మాస్టారి మూడు పుస్తకాలు

మా బావ మంచివాడే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత చెప్పాలనిపించకపోవచ్చు. తాగడు, తిరగడు, మా అక్క మీద ఏనాడూ గొంతు పెంచలేదు. పుస్తకాలు చదువుతాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆయన అమ్మాయిల హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఆ స్కూలు గ్రౌండుకి ఎదురుగా, రోడ్డుకి ఇవతల నా టైలరింగ్ షాపు. మిషన్ ముందు కూచుంటే కంచె అవతల బాస్కెట్‌బాల్ కోర్టు మొత్తం కనిపిస్తుంది. కాజాలు కుట్టడానికి తల దించినప్పుడు తప్ప ఆయనగారి నిర్వాకమంతా నా కళ్ళెదుటే జరిగింది. ఎవరో చెప్పగా విని చెప్పడం లేదు.

ఒకప్పుడు బావ చేతిలో విజిల్ తప్ప ఇంకేమీ ఉండేది కాదు. వయసులో ఉన్నప్పుడు తనూ బాగా ఆడినవాడే. పిల్లల్ని పరిగెత్తించేవాడు, అరిచేవాడు, బంతి ఎలా అందుకోవాలో తనే అందుకుని చూపించేవాడు. సాయంత్రం చెమటలు కక్కుతూ షాపులోకొచ్చి, మంచినీళ్ళు గడగడా తాగి, "ఆ పొడుగు పిల్ల దార్లో పడుతోంది మరదలా" అని ముఖమంతా నవ్వు చేసుకునేవాడు. అప్పటి బావని నేను పల్లెత్తు మాట అనను.

ఒకరోజు స్టాఫ్ రూములో ఆయన పేపరు చదువుకుంటుంటే లెక్కల మాస్టారు దాన్ని చేతిలోంచి లాక్కుని, "విజిల్ ఊదేవాళ్ళకి పేపరెందుకండీ, ఆటల పేజీ వచ్చాక పిలుస్తాంలెండి" అన్నాడట. అందరూ పగలబడి నవ్వారట. బావ కూడా నవ్వేశాడట. ఇంటికొచ్చి మాత్రం అన్నం ముట్టకుండా గోడకేసి తిరిగి పడుకున్నాడని అక్క చెప్పింది. ఆ లెక్కల మాస్టారి ప్యాంట్లు నా షాపుకే వస్తాయి. ఆ నెల కుట్టినదాన్ని నడుం దగ్గర కాస్త బిగించి పంపాను. అంతకన్నా నేను చేయగలిగిందేముంది?

బావ మర్నాడే వెళ్ళి రీడింగ్ రూములో సభ్యుడిగా చేరాడు. చంకలో ఇటుకంత పుస్తకం పెట్టుకుని తిన్నగా నా షాపుకొచ్చాడు. తత్వశాస్త్రమట.

"దీనికో గుడ్డ అట్ట కుట్టిపెట్టు మరదలా. అయితే పేరు మాత్రం బయటికి కనపడాలి."

"పేరు కనపడేటట్టయితే అట్టెందుకు బావా?"

"దుమ్ము పడకుండా."

"పేరు మీద పడదా దుమ్ము?"

"నీతో వాదించలేను. కుట్టు."

జెర్సీలకి తెచ్చిన గుడ్డలో మిగిలిన ముక్కతో అట్ట కుట్టి, పేరున్నచోట ప్లాస్టిక్ కాగితం వేసి కిటికీలా చేసిచ్చాను. ఆ కిటికీ ఎప్పుడూ బయటివైపుకే ఉండేలా చంకలో పెట్టుకుని తిరిగేవాడు. లెక్కల మాస్టారు కుడివైపు నుంచి వస్తుంటే పుస్తకం కుడి చంకలోకి మారేది. చూసి నవ్వలేక చచ్చేదాన్ని.

పుస్తకాలేం పాపం చేశాయి, వాటిని నేను తిట్టను. అట్టలకని ఇచ్చినప్పుడల్లా నేనూ తిరగేశాను. ఆ తత్వం పుస్తకంలో ఒక పేజీ చదివి, మిషన్ తొక్కడం ఆపేసి కాసేపు అలా కూచుండిపోయాను. మనం మనకి తెలుసు అనుకునేవాటిలో నిజంగా చూసి తెలుసుకున్నవెన్ని, ఎవరో చెబితే నమ్మినవెన్ని అని అడుగుతాడు రాసినాయన. మంచి ప్రశ్న. దాన్ని వదిలేసి బావ ఏం చేశాడో తెలుసా? ఇంట్లో కుళాయి బాగుచేయడానికి వచ్చినవాణ్ణి పట్టుకుని, "వాషర్ మార్చావు, పిడి మార్చావు, రేపు గొట్టమూ మారుస్తావు. అప్పుడిది పాత కుళాయేనంటావా?" అని నిలదీశాడు. వాడు స్పానర్ తుడుచుకుంటూ, "నీళ్ళొస్తున్నాయో లేదో చూసుకోండి సార్" అని చక్కా పోయాడు. నాకు తెలిసి ఆ ఇంట్లో జరిగిన తత్వ చర్చల్లో తెలివైన మాట అదొక్కటే.

రెండోది బాస్కెట్‌బాల్ శిక్షణ మీద పుస్తకం. అది ఇంకా మంచిది. బంతి పట్టుకునేటప్పుడు వేళ్ళెక్కడుండాలి, ఆగేటప్పుడు ఏ కాలు ముందు ఆనాలి, అన్నీ బొమ్మలతో సహా ఉన్నాయి. బావ ఆ బొమ్మల పేజీలు గబగబా తిప్పేశాడు. ముందుమాట మాత్రం బట్టీ పట్టాడు. అందులో నాయకత్వం, శీలం, జట్టు ఆత్మ లాంటి బరువైన మాటలున్నాయి. అప్పట్నుంచి కోర్టులో అరుపులు మాని ఉపన్యాసాలు మొదలుపెట్టాడు. పిల్లలు ఎండలో వరసగా నిలబడి, ఒంటికాలి మీదనుంచి ఇంకో కాలి మీదకి మారుతూ వినేవాళ్ళు. వాళ్ళే ఆయనకి గ్రంథం సార్ అని పేరు పెట్టారు.

మూడోది వచ్చేసరికి ఆ ఇంట్లో మనశ్శాంతి పోయింది. అది ప్రయోగాత్మక సంగీతం మీద. పాటా రాగమూ కాని చప్పుళ్ళనీ, చప్పుడే లేకపోవడాన్నీ కూడా చెవి పెట్టి వింటే అందులో సంగీతం ఉందంటుంది. కాదని నేనూ అనను. మధ్యాహ్నంవేళ షాపులో ఓవర్‌లాక్ మిషన్ ఆగిపోయాక ఫ్యాను కిర్రుమనడం వింటూ కూచోవడం నాకూ ఇష్టమే. కానీ ఈ మహానుభావుడు వంటింట్లో మా అక్క వెనక నిలబడి, "ఆ పళ్ళెం ఇంకోసారి పడెయ్, ఈసారి కాస్త ఆలస్యంగా" అనేవాడు. మా అక్క పడేసేది! దానికి నోట్లో నాలుక లేదు. పెళ్ళయిననాటి నుంచీ ఆయన ఏమంటే అదే.

"పళ్ళెం ఆయన నెత్తిన పడెయ్యవే" అన్నాన్నేను.

"పోన్లేవే, ఆయన సరదా" అంది.

ఇంట్లో సరదా గ్రౌండు దాకా పాకింది. బంతి లేకుండా బాస్కెట్‌బాల్ ఆడించడం మొదలుపెట్టాడు. అవును, బంతి లేకుండానే! పిల్లలు ఉత్తి చేతులతో పాసులిచ్చుకుంటూ, గాల్ని రింగులోకి విసురుతూ పరిగెత్తాలి. ఒకళ్ళనొకళ్ళు పిలుచుకోకూడదు, బూట్ల చప్పుడు వినాలి. స్కూలు వాచ్‌మన్ రోడ్డు దాటి నా షాపు గుమ్మంలోకొచ్చి, "అమ్మా, పిల్లలకి ఏమైనా అయిందంటారా?" అని గుసగుసగా అడిగాడు. పిల్లలకేం కాలేదు నాయనా, మాస్టారికే అయిందన్నాను.

ఇంతవరకూ నవ్వులాటే. పిల్లలు గాలి విసిరినా నష్టమేమీ లేదు, ఒళ్ళు వంగుతుంది. నా ఒళ్ళు మండిపోయేది మా పిడుగు సంగతి తల్చుకుంటేనే.

పిడుగంటే బావ ఒక్కగానొక్క కూతురు. ఆ పేరు నేనే పెట్టాను. నడక రాకముందే దొర్లుకుంటూ బంతి వెంట పడేది. అదే స్కూల్లో చదువుతూ జట్టులో చేరింది. పొట్టిగా ఉంటుంది, బంతి నేలకి ఇంతెత్తున కొట్టుకుంటూ ఆ పొడుగు పిల్లల కాళ్ళ సందుల్లోంచి జారిపోయేది. ఎన్నిసార్లు మిషన్ ఆపి గుడ్లప్పగించి చూశానో! దారం తెగిపోయినా తెలిసేది కాదు. అందరూ వెళ్ళిపోయాక కూడా అది ఒక్కతే ఉండి రింగులోకి వేసుకుంటూ ఉండేది.

జట్టు వేరే స్కూళ్ళతో ఆడటానికి వెళ్ళిన ప్రతిసారీ దాన్ని బెంచీ మీద కూచోబెట్టేవాడు బావ. ఒక్కసారంటే ఒక్కసారి కూడా కోర్టులోకి దింపలేదు. మొదట్లో చిన్నపిల్ల కదా అనుకున్నాను. మరుసటి ఏడు దానికన్నా చిన్నవాళ్ళు ఆడుతుంటే నాకు అనుమానమొచ్చింది. జెర్సీల కొలతలివ్వడానికి వచ్చినప్పుడు పట్టుకున్నాను.

"ఏం బావా, పిల్లకి జెర్సీ కుట్టమంటావా, బెంచీకే ఓ గలీబు కుట్టమంటావా?"

ఆయన అట్ట సర్దుకున్నాడు. "తీర్పు చెప్పేవాడికి తనవాళ్ళంటూ ఉండకూడదు మరదలా. తండ్రి కన్ను అబద్ధం చెబుతుంది."

"అంటే? ఆడగలిగినా ఆడనివ్వవా?"

"అందరూ ఏమనుకుంటారు? కూతుర్ని పైకి తోశాడనరూ? ఆ లెక్కల మాస్టారి నోటికి నేను దొరకను."

ఓహో, అదా సంగతి! చంకలో తత్వం, బుర్రలో లెక్కల మాస్టారు. ఆ మాట మొహం మీదే అనేశాను. నీకు అర్థం కాదులే అన్నట్టు జాలిగా నవ్వి వెళ్ళిపోయాడు.

ఆ ఏడే స్కూళ్ళ పోటీల ఫైనల్‌కి మా జట్టు వెళ్ళింది. ఎలా వెళ్ళిందని అడక్కండి, పిల్లల కష్టం. జిల్లా జట్టుకి ఎంపిక చేసేవాళ్ళు వచ్చి ముందు వరసలో కూచున్నారు. పిడుగుకి స్కూల్లో అదే ఆఖరి ఏడు. అక్కా నేనూ వెళ్ళాం. ఆట సగం దాటాక పొడుగు పిల్లకి ఐదో ఫౌల్ పడి ఆట నుంచి బయటికి రావాల్సొచ్చింది. బెంచీ మీద మిగిలింది ఇద్దరు. ఒకతి మా పిడుగు. ఇంకోతి అప్పుడే కొత్తగా చేరిన పిల్ల, బంతి తన వైపుకొస్తే కళ్ళు మూసుకునే రకం. పిడుగు అప్పటికే లేచి నిలబడి బూటు తాళ్ళు బిగించుకుంటోంది.

బావ ఆ కొత్తపిల్ల భుజం తట్టి కోర్టులోకి పంపాడు.

పిడుగు వంగినదల్లా అలాగే ఉండిపోయింది. మళ్ళీ తల ఎత్తేసరికి దాని మొహంలో రక్తం చుక్క లేదు. ఓడిపోయాం, అది సరే, ఎవరో ఒకరు ఓడక తప్పదు. ఎంపిక చేసేవాళ్ళు అందరి ఆటా చూశారు, ఆ కళ్ళు మూసుకునే పిల్ల ఆటతో సహా. మా పిడుగు ఆట తప్ప. బావ మాత్రం గెలిచినవాడిలా తల ఎత్తుకుని బస్సెక్కాడు. నాకు ఆయన్ని మిషన్ కింద పెట్టి కుట్టెయ్యాలనిపించింది.

పిడుగు గొడవ చెయ్యలేదు. అదే భయమేసింది నాకు. ఆట మానేసింది, అంతే. కాలేజీలో చేరింది. గ్రౌండు వైపు మొహం పెట్టకుండా నా షాపులోకొచ్చి గోడకి ఆనుకుని కూచునేది. రెండో ఏడు మొదట్లో కాలేజీ కోచ్, ఒకావిడ, ఖాళీ క్లాసులో ఇది పేపరు ఉండ చేసి దూరంగా ఉన్న చెత్తబుట్టలో వెయ్యడం చూసి, సెలెక్షన్లకి రమ్మందట. ఇది ఊఁ అనలేదు, ఉహూఁ అనలేదు.

"వెళ్ళవేం?" అన్నాను.

"నాకు ఆట వచ్చో రాదో తెలీదు పిన్నీ."

"నేను చూడలేదుటే? ఎంత బాగా ఆడేదానివి!"

"నువ్వు జెర్సీలు కుట్టేదానివి. ఆట తెలిసిన మనిషి నాన్న. ఆయన దింపలేదు. నన్ను బాధపెట్టడం ఇష్టం లేక సూత్రం, గీత్రం అన్నాడేమో. నిజానికి నేను పనికిరాననేమో. అది తెలిస్తే చాలు నాకు, ఏదో ఒకటి."

ఆ సాయంత్రమే బావ దగ్గరికి వెళ్ళి, పిల్లకి ఆట వచ్చా రాదా, ఒక్క ముక్కలో చెప్పమన్నాను. 'వచ్చు' అనడంలో ఉన్న సమస్యల గురించి చెప్పడం మొదలుపెట్టాడు. మధ్యలోనే లేచి వచ్చేశాను.

సెలెక్షన్లకి ముందు రోజు రీడింగ్ రూములో బావ ప్రసంగం పెట్టారు. 'చదవదగ్గ మూడు పుస్తకాలు.' ఆ కార్యదర్శి రిటైరైన పోస్టుమాస్టరు, సభకి ఎవరూ దొరక్క అడిగాడు. ఈయన మాత్రం పట్టాభిషేకమన్నట్టు నా చేత కొత్త చొక్కా కుట్టించుకున్నాడు. వెళ్ళి లెక్కల మాస్టార్ని స్వయంగా పిలిచాడు. ఆయన ముందు వరసలో కాలు మీద కాలేసుకుని కూచున్నాడు. పిడుగు కూడా వస్తానంటే ఆశ్చర్యపోయాను.

"అందరి ముందు అడిగితే తప్పించుకోలేడు" అంది.

బావ బాగానే మాట్లాడాడు, ఆ మాటకొస్తే. మూడు పుస్తకాలూ బల్ల మీద పెట్టాడు, కిటికీలు సభవైపుకి. తత్వం గురించి చెబుతూ చెబుతూ, "చదివితే సరిపోదు, పాటించాలి" అని ఆగి, కళ్ళజోడు పైకి తోసుకుని, "నా కన్నకూతుర్ని ఫైనల్లో బెంచీ మీద కూచోబెట్టినవాణ్ణి నేను" అన్నాడు. హాలంతా ఆహా అంది. నా పక్కన అక్క చేతిలోని సంచీ జిప్పు లాగింది, మళ్ళీ వేసింది.

పిడుగు లేచి నిలబడింది. "ఒక ప్రశ్న."

"ప్రశ్నలు చివర్లో" అన్నాడు బావ.

"అడగనివ్వండి మాస్టారూ, యువతరం" అన్నాడు కార్యదర్శి.

"ఆ బెంచీ మీదున్న అమ్మాయి మీ కూతురు కాకపోతే దింపేవారా?"

"అసలు విషయం అది కాదమ్మా. సూత్రం ఏమిటంటే..."

"సూత్రం అర్థమైంది నాన్నా. దాని ఆట ఎలా ఉండేది? బావుండేదా, లేదా? ఒక్క మాట చెప్పు, కూచుంటాను."

బావ నోరు తెరిచాడు. పుస్తకాల వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు. బావుండేదనో, లేదనో, ఏదో ఒకటి అనెయ్యి మహానుభావా అనుకున్నాను.

"నాకు తెలీదమ్మా" అన్నాడు. "నేను చూడలేదు."

"ఏంటి?"

"నీ చేతికి బంతి వచ్చినప్పుడల్లా తల తిప్పేసుకునేవాణ్ణి. చూస్తే మనసు మొగ్గుతుంది. మొగ్గితే న్యాయం తప్పుతుంది. అందుకని ఆ రెండేళ్ళూ... ప్రాక్టీసులో కూడా... నేను నీ ఆట ఒక్కసారి కూడా చూడలేదు."

హాల్లో ఎవరో "అద్భుతం" అన్నారు. కార్యదర్శి చప్పట్లు మొదలుపెట్టాడు. అందరూ అందుకున్నారు. లెక్కల మాస్టారు కూడా. అది చూసి బావ మొహం వెలిగిపోయింది. కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, "ఇక మూడో పుస్తకానికొస్తే" అన్నాడు.

పిడుగు బయటికి నడిచింది. మేం వెనకే వెళ్ళాం. మెట్ల మీద కూచుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, "ప్రతి షాటూ నాన్న చూస్తున్నాడనుకునే వేశాను పిన్నీ" అంది. ఏడ్చింది, చిన్నపిల్లలా వెక్కి వెక్కి. లోపలికెళ్ళి ఆయన్ని నలుగురిలో కడిగేస్తానని లేచాను. నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దు. రేపు వెళ్తున్నాను సెలెక్షన్లకి. నాకు రాదని ఎవరూ అనలేదుగా ఇంతవరకూ."

మర్నాడు షాపు మూసేసి అక్కా నేనూ కాలేజీ గ్రౌండుకి వెళ్ళాం. జట్లు రెండుగా విడగొట్టి ఆడిస్తున్నారు. కంచె పట్టుకుని నిలబడ్డాం. కాసేపటికి చూస్తే, అటు చివర బావ. ఎవరికీ చెప్పకుండా వచ్చాడు. సెలవు పెట్టి వచ్చుంటాడు. రాత్రంతా నిద్ర లేనట్టుంది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నిజం చెప్పొద్దూ, నా మనసు కాస్త కరిగింది. ఇన్నాళ్ళకి బుద్ధొచ్చిందనుకున్నాను.

పిడుగు చేతికి బంతి వచ్చింది. బావ మెడ రోడ్డు వైపుకి తిరిగింది.

కావాలని తిప్పలేదు. ఆయనే ఉలిక్కిపడ్డాడు. మళ్ళీ ఇటు తిరిగి కంచె గట్టిగా పట్టుకున్నాడు. పిల్ల పాస్ ఇచ్చింది, పరిగెత్తింది, అంతసేపూ చూశాడు. బంతి తిరిగి దాని దగ్గరికొచ్చింది. ఆ మెడ మళ్ళీ దానంతటదే పక్కకి పోయింది. ఛీ, ఏం మనిషివయ్యా అని నేను నోరు తెరవబోయాను.

నా పక్కన అక్క లేదు. కంచె వెంబడే నడుచుకుంటూ వెళ్ళి ఆయన ముందు నిలబడింది. అంతమంది జనంలో, కాలేజీ పిల్లలు చూస్తుండగా, మొగుడి గడ్డం రెండు చేతులతో పట్టుకుని కోర్టు వైపుకి తిప్పింది.

"చూడండి" అంది.

ఆట అయ్యేదాకా చేతులు తియ్యలేదు.